తీయడం జరిగింది

కిందటి ఏడాది మా సత్సంగం వాళ్ళు సభ్యుల అనుభవాలతో ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో మూడు పేజీలు నావి. భీమునిపట్నం దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద ఒక తెల్లవారుజామున కూర్చుని ఉండగా ‘నేను’ అనేది కరిగిపోయిందనీ, గాలీ ఇసకా సముద్రపు హోరూ మాత్రమే మిగిలాయనీ, నా అన్వేషణ ఆ రోజే మొదలైందనీ వాటిలో ఉంది. చదివినవాళ్ళు ఫోన్లు చేశారు. ఒకావిడ కళ్ళనీళ్ళు వచ్చాయని చెప్పింది.

ఆ మూడు పేజీలూ అబద్ధం. దిబ్బల దగ్గరికి వెళ్ళిన మాట నిజమే. మా మేనల్లుడి పెళ్ళి ఫోటోల కోసం వెళ్ళాం, మిట్టమధ్యాహ్నం, ఎండకి తల పగిలిపోయింది. ఏదీ కరగలేదు. నా అన్వేషణ మొదలైంది అచ్యుతాపురంలో, ఒక ఫ్యాక్టరీ ప్యానెల్ రూములో. అది రాద్దామని ఇదివరకు రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ చించేశాను. రెండో పేరాకే నేను మంచివాడిలా కనిపించడం మొదలుపెట్టాను. ఈసారి అలా అయినా చించను.

నాకు యాభై రెండేళ్ళు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. గాజువాకలో ఉంటాం. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి అచ్యుతాపురం వెళ్తాను. మా ఫ్యాక్టరీలో ఇనుప పైపులు తయారవుతాయి. నేను ఎలక్ట్రికల్ షిఫ్ట్ సూపర్‌వైజర్ని.

యంత్రం ఏదైనా బాగుచేయాలంటే ముందు మేము స్విచ్‌లన్నీ ఉండే ప్యానెల్ రూములో దాని కరెంటు ఆపుతాం. పని చేయబోయే ఫిట్టరు వచ్చి, తన పేరూ ఫోటో ఉన్న ఎర్ర ప్లాస్టిక్ ట్యాగ్‌ని ఆ స్విచ్‌కి తీగతో కడతాడు. పని అయ్యాక మళ్ళీ తనే వచ్చి విప్పుతాడు. అప్పుడు గానీ స్విచ్ వేయకూడదు. ఎవరి ట్యాగ్ వాళ్ళే కట్టాలి, వాళ్ళే విప్పాలి. మేనేజరు వచ్చి అడిగినా ఇంకొకరి ట్యాగ్ ముట్టుకోకూడదు. కొత్తగా చేరినవాళ్ళని ప్యానెల్ ముందు నిలబెట్టి ఈ మాట చెప్పేది నేనే. పదకొండేళ్ళు చెప్పాను.

మా షిఫ్టులో ఒక ఫిట్టరు ఉండేవాడు. నా ఈడువాడే. భీమిలి, అదే భీమునిపట్నం, అతని సొంతూరు. అచ్యుతాపురంలో గది తీసుకుని, వారానికొకసారి ఇంటికి వెళ్ళొచ్చేవాడు. అందరినీ బావా అని పిలిచేవాడు. నన్ను సార్ అని మొదలుపెట్టి, నాలుగు మాటలయ్యేసరికి ‘సార్ బావా’ అనేవాడు. పని మీద అతనికి ఒక రకమైన గర్వం ఉండేది. ఇంకొకరు బిగించిన బోల్టుని ఒకసారి చేత్తో తిప్పిచూసి, ఏమీ అనకుండా మళ్ళీ బిగించేవాడు. అది చూస్తే బిగించినవాడికి ఒళ్ళు మండేది.

నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం, పైపుల్ని మోసుకెళ్ళే కన్వేయర్‌లో ఒక రోలర్ పట్టేసింది. కరెంటు ఆపాం. అతను వచ్చి ట్యాగ్ కట్టి, పనిలోకి దిగాడు. ప్రొడక్షన్ మేనేజరు రెండు నిమిషాలకొకసారి నాకు ఫోన్ చేస్తున్నాడు. గంటన్నర అయింది. నేను ప్యానెల్ రూము గుమ్మంలో నిలబడి, అయిపోయిందా అని అరిచాను. అటు చివరనుంచి అతని గొంతు వినపడింది.

“ఐపోతాది, సార్ బావా.”

ఇక్కడివాళ్ళు అయిపోయింది అనడానికి ‘ఐపోనాది’ అంటారు. అయిపోతుంది అనడానికి ‘ఐపోతాది’ అంటారు. ఒక్క అక్షరం తేడా. ఆ చప్పుడులో నాకు ‘ఐపోనాది’ అని వినిపించిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. గోదావరి మాట మాట్లాడే ఇంట్లో పెరిగినవాణ్ణి, ఈ యాస పట్టుకోలేకపోయానని కూడా చెప్పుకున్నాను. పుట్టి పెరిగిన ఊరి యాస అర్థం కాకపోవడమేమిటి? ‘ఐపోతాది’ అనే విన్నాను. కానీ గుమ్మంలోంచి చూస్తే కన్వేయర్ దగ్గర ఎవరూ కనపడలేదు. జేబులో ఫోన్ మళ్ళీ మోగింది. తీగ విప్పాను. ట్యాగ్‌ని చొక్కా జేబులో వేసుకున్నాను. స్విచ్ వేశాను.

అతను స్పానర్ కోసం వెళ్ళి, అవతలివైపునుంచి తిరిగివచ్చి, చివరి బోల్టు మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. కేక నాకు వినపడలేదు. మనుషులు పరిగెత్తడం కనపడింది. అతని కుడిచేతి చివరి రెండు వేళ్ళు పోయాయి.

అంబులెన్సులో ఎక్కించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. తర్వాత కుళాయి దగ్గర చొక్కా కడుక్కుంటుంటే జేబులో ట్యాగ్ తగిలింది. అందులో అతని ఫోటో. ప్లాస్టిక్ చించితే చిరగలేదు. కట్టర్‌తో నాలుగు ముక్కలు చేసి స్క్రాప్ డబ్బాలో పడేశాను. ఆ పని చేస్తున్నప్పుడు నా చేతులు వణకలేదని చెప్పాలి. రాసేటప్పుడు వణికాయని రాయబుద్ధవుతుంది.

మూడు రోజులకి ఎంక్వయిరీ జరిగింది. నా స్టేట్‌మెంట్‌లో ఇలా రాశాను: స్విచ్ ఆన్ చేసే సమయానికి ప్యానెల్ మీద ట్యాగ్ లేదు.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఎక్కడ పట్టుకుని లాగినా నిలబడుతుంది. అందుకే దాన్ని గుర్తుచేసుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది. అతను ఆస్పత్రి మంచం మీదనుంచి, ట్యాగ్ కట్టాను అని చెప్పాడు. చూసినవాళ్ళు లేరు. ప్యానెల్ రూములో నేనొక్కణ్ణే ఉన్నాను. అతను ట్యాగ్ కట్టకుండానే పనిలోకి దిగాడని ఎంక్వయిరీలో తేల్చారు. చెయ్యి మానాక యంత్రాల మీదకి రానివ్వలేదు. గేటు దగ్గర హెల్మెట్లు ఇచ్చే పని ఇచ్చారు. ఆరు నెలలు హెల్మెట్లు ఇచ్చి, మానేసి, భీమిలి వెళ్ళిపోయాడు. ఆ ఆరు నెలలూ రోజూ అతని దగ్గరే హెల్మెట్ తీసుకున్నాను. “మంచిదా సార్” అని అడిగేవాడు. మంచిదే అనేవాణ్ణి.

అతను మానేసిన కొత్తలోనే ఫోన్లో ఒక వీడియో కనపడింది. ఎవరో స్వామి మాట్లాడుతున్నారు. లోపల ఎంత వెతికినా విడిగా ఒక ‘నేను’ దొరకదనీ, పనులు వాటంతటవే సాగిపోతుంటాయనీ, వాటి వెనక కూర్చుని చేసేవాడు ఎవరూ లేడనీ చెప్పారు. కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని విన్నాను. దిగేలోపు మళ్ళీ రెండుసార్లు విన్నాను. ప్యానెల్ రూములో మొదలైన అన్వేషణకి దారి అక్కడ దొరికింది. దిబ్బల మీద కాదు. నాకు సత్యం అక్కరలేదు. చేసినవాడు లేడని పెద్దవాళ్ళెవరైనా నాకు గట్టిగా చెప్పాలి, అంతే.

వీడియోలతో ఏడాదిన్నర గడిచింది. ఒక స్వామి లేదన్నదాన్ని ఇంకొకాయన ఉందనేవాడు. ఒకరు చిన్న ‘నేను’ పోతే పెద్ద ‘నేను’ మిగులుతుందన్నారు. ఒకరు అదీ లేదన్నారు. ఒకరు కళ్ళు మూసుకోమన్నారు, ఒకరు తెరవమన్నారు. నోటుబుక్కులో రాసుకున్నాను. నాలుగు నోటుబుక్కులు నిండాయి. ఒకదాని మాట ఇంకొకదానికి పొసగలేదు. ఫోన్లో అడగడానికి లేదు. వాళ్ళు చెప్పుకుపోతారు, మనం వినాలి. మనిషి ఎదురుగా ఉంటే అడగవచ్చు కదా అని, తెలిసినవాళ్ళ ద్వారా సత్సంగంలో చేరాను.

ఎంవీపీ కాలనీలో, రిటైరైన ఫిజిక్సు లెక్చరర్ గారి ఫ్లాట్‌లో ప్రతి ఆదివారం పదింటికి కూర్చునేవాళ్ళం. ఎనిమిది పదిమంది. గాజువాక నుంచి రెండు సిటీ బస్సులు మారి వెళ్ళేవాణ్ణి. ఆయన కాషాయం కట్టేవారు కాదు, పాదాలు ముట్టనిచ్చేవారు కాదు. మర్యాదస్థులు. ఎవరేమడిగినా ఒకే ప్రశ్న వేసేవారు.

“ఈ మధ్య ప్రతిదానికీ కోపం వస్తోందండి,” అన్నాను ఒకసారి.

“ఎవరికి?” అన్నారు.

“నాకేనండి.”

“ఆ ‘నాకు’ని ఒకసారి చూపించండి.”

నేను చూపించలేకపోయాను. అందరూ తల ఊపారు. పక్కన కూర్చున్న బ్యాంకు రిటైరైన పెద్దాయన కాఫీ గ్లాసు దించి, “ఇందులో పంచదార తక్కువైందండి,” అన్నారు. “ఎవరికి?” అన్నారెవరో వెనకనుంచి. అందరం నవ్వాం. నేనూ నవ్వాను గానీ లోపల ఉడికిపోయాను. రెండు బస్సులు మారి వచ్చింది దీనికా అనిపించింది.

అడగాల్సింది అడగలేక పక్కదారిలో అడిగేవాణ్ణి. “ఒక మనిషి వల్ల ఇంకొకరికి నష్టం జరిగిందనుకోండి. చేసినవాడే లేడంటే ఆ నష్టానికి బాధ్యత ఎక్కడుంటుందండి?” అనేవాణ్ణి. “ఆ ‘అనుకోండి’ అంటున్నదెవరో చూడండి,” అనేవారు. ఏడాదిన్నరలో ఈ ప్రశ్నని ఏడెనిమిది రకాలుగా అడిగాను. ప్రతిసారీ ఆయన నావైపు తిప్పేవారు, నేను పక్కకి తప్పుకునేవాణ్ణి. ఆయన సమాధానం చెప్పడం లేదని బస్సులో తిట్టుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి. నేను ప్రశ్నే అడగడం లేదన్న సంగతి నాకు తట్టలేదు.

ఒక అభ్యాసం మాత్రం పట్టుగా చేశాను. మాటల్లో ‘నేను’ అనడం మానేశాను. మన భాషలో అది పెద్ద కష్టం కాదు. వచ్చాను, తిన్నాను, వెళ్తాను. ‘నేను’ అనకుండానే రోజంతా గడిచిపోతుంది. కొన్నాళ్ళకి, ఈ మాటలన్నిటి చివరా ‘ను’ తోకలా వేలాడుతోందని కనిపెట్టాను. నేను లేను అందామన్నా చివర ‘ను’ ఉండాల్సిందే. దాన్నీ వదిలించుకుందామని కొత్త పద్ధతి మొదలుపెట్టాను. లేవడం జరిగింది. స్నానం అయింది. బస్సు తప్పిపోయింది. ఆఫీసు కాయితాల్లో ఎలాగూ ఇదే భాష. ప్రతి రిపోర్టులో పరిశీలించడం జరిగింది, మార్చడం జరిగింది అనే రాస్తాం. నాకది ఇట్టే అలవాటైంది.

దాన్ని మొదట పట్టుకుంది మా ఆవిడ. ఒకరోజు చేతిలోంచి టీ కప్పు జారింది.

“కప్పు పగిలింది,” అన్నాను.

ఆవిడ చీపురు తెచ్చింది. “పొద్దున్నేమో టీ నేనే పెట్టానన్నారు. ఇప్పుడు కప్పు దానంతటదే పగిలిందా?”

“మాటవరసకి అన్నాను.”

“మాటవరస కాదండి. కొన్నాళ్ళుగా చూస్తున్నాను. పూలు తెచ్చాను, కరెంటు బిల్లు కట్టాను, మీ తమ్ముడికి ఫోన్ చేశాను. ఇవన్నీ మీరే. గ్యాసు ఆపడం మరిచిపోవడం జరిగింది, పాలు పొంగిపోయాయి, కప్పు పగిలింది. ఇవెవరో మరి. మీ మాస్టారు నేర్పించిందేదో మంచివాటికి పనిచేయట్లేదు, చెడ్డవాటికే పనిచేస్తోంది.”

నాకు ఎంత కోపం వచ్చిందంటే, రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మామూలు మనిషికి ఈ విషయాలు అర్థం కావని ఐదో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. సత్సంగం పుస్తకానికి అనుభవం రాసిమ్మని అడిగింది ఆ వారమే. దిబ్బల కథ ఒక్క ఊపులో రాసేశాను. అందులో ‘నేను’ కరిగిపోయిందన్న ఒక్కచోట తప్ప ఆ మాట మళ్ళీ దొర్లకుండా రాశానని లెక్చరర్ గారు మెచ్చుకున్నారు.

పుస్తకం వచ్చిన రెండు నెలలకి, పూర్ణా మార్కెట్‌లో ఎండుమిరపకాయలు బేరమాడుతుంటే వెనకనుంచి “సార్ బావా” అని వినపడింది. తిరిగి చూస్తే అతను. ఎడంచేతిలో సంచి. కుడిచెయ్యి జేబులో ఉంది. మనిషి చిక్కాడు. బోటు ఇంజన్లు బాగుచేస్తున్నానని చెప్పాడు. నేను బాగున్నావా అన్నాను, పిల్లలెలా ఉన్నారన్నాను, వెళ్ళిపోబోయాను. అతను సంచి కింద పెట్టాడు.

“సార్, ఒక్క మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. ఆ దినం పేనల్ మీరే సూసేరు కదా. నాను టేగ్ కట్టేనా, కట్టలేదా? మీకేటైనా గుర్తుందా?”

“అప్పుడే చెప్పాను కదా,” అన్నాను.

“సెప్పేరు, సెప్పేరు. లేదనే సెప్పేరు. మరి నాకు కట్టినట్టే గుర్తొత్తాది, సార్. తీగ నా సేతికి తగిలినట్టే ఉంటాది. అలాగైతే నా బుర్రే తప్పు సెప్తందన్నమాట. అక్కడినుంచి నాకు నా మీద నమ్మకం పోనాది. తాళం ఏస్తాను, మళ్ళీ ఎనక్కొచ్చి సూస్తాను. బోల్టు బిగిస్తాను, మూడు మాట్లు సూస్తాను. బోటోళ్ళు నవ్వుతన్నారు. ఏటి బావా, నీ సెయ్యే నువ్వు నమ్మవా అంటన్నారు.”

ఇంకొకరి బోల్టుని తిప్పిచూసే మనిషి, ఇప్పుడు తన బోల్టుని తనే మూడుసార్లు తిప్పిచూసుకుంటున్నాడు. నేను మిరపకాయల వైపు చూస్తూ, “ఆ రోజంతా గందరగోళంగా ఉందయ్యా, నాకూ సరిగ్గా గుర్తులేదు,” అన్నాను. అతను తల ఊపి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. మొదటిసారి చెప్పింది భయంతో చెప్పాను. రెండోసారి భయపడాల్సిందేమీ లేదు. నేనే లేనని మూడేళ్ళు సాధన చేసినవాణ్ణి, నన్ను నేను కాపాడుకోవడానికి నాకు రెండు క్షణాలు పట్టింది.

ఆ ఆదివారం అందరూ వెళ్ళాక లెక్చరర్ గారి ఎదురుగా కూర్చుని, ట్యాగ్ దగ్గరనుంచి మిరపకాయల దాకా మొత్తం చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

“అదంతా ఒక కథండి,” అన్నారు. “ఆ రోజు ఇప్పుడెక్కడుంది? చేసినవాడే లేనప్పుడు ఈ పశ్చాత్తాపం ఎవరిది? వదిలేయండి.”

ఆ మాట కోసమే మూడేళ్ళు తిరిగాను. సరిగ్గా ఆ మాట, కోరుకున్నట్టుగా, కోరుకున్న గొంతుతో దొరికింది. విన్న వెంటనే ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది.

“మరి అతని వేళ్ళండి?” అన్నాను.

“అవి కూడా...” అని మొదలుపెట్టి ఆగిపోయారు. కళ్ళు తెరిచి నన్ను చూశారు. తర్వాత, “ఏడాదిన్నరగా వస్తున్నారు. దీనికోసమే వచ్చేవారా?” అన్నారు.

“అవునండి.”

ఆయన మొహం చిన్నబోయింది. “నాకిది తెలియదండి. ఫలానాది చెయ్యండని చెప్పేంత నాకు తెలియదు. మీకు పని ఉన్నది ఇక్కడ కాదేమో.”

ఆయన మీద నాకు కోపం ఉందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆయన చెప్పే విషయం అబద్ధమని కూడా నేననడం లేదు. ఇప్పటికీ పొద్దున్నే కూర్చుంటాను. వెతికితే లోపల ఎవరూ దొరకని మాట నిజమే కావచ్చు. కానీ నేను వెతికింది లోపల ఎవరున్నారో తెలుసుకుందామని కాదు, ఎవరూ లేరనిపించుకుందామని. దొంగ ఇంట్లో లేడని చెప్పమని తలుపు దగ్గర ఆయన్ని నిలబెట్టాను.

తర్వాతి సెలవునాడు భీమిలి బస్సెక్కాను. ఇల్లు కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇంటి ముందు రేకు పందిరి కింద చెక్క మీద బోటు ఇంజను విప్పి పెట్టి ఉంది. అతను దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. స్పానర్‌ని ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేతి మూడు వేళ్ళతో నట్టు ఆపుతున్నాడు. అతని భార్య గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

“సార్ బావా, ఇలాగొచ్చేరేటి?” అని లేచి నిలబడ్డాడు. “ఒలే, సార్‌కి కుర్సీ ఎయ్యి.”

కుర్చీలో కూర్చోలేదు. దారంతా కూడబలుక్కున్న వాక్యం మొదలుపెట్టాను. “ఆ రోజు ప్యానెల్ మీద ట్యాగ్ ఉంది. స్విచ్ వేసే ముందు దాన్ని తీసేయడం జరిగింది.”

అతను అర్థం కానట్టు చూశాడు. “ఎవులు తీసేరు?”

కుర్చీని కొంచెం పక్కకి జరిపాను.

“ఎవులు తీసేరు సార్?”

“నేనే తీశాను.”

అతను నన్ను తిట్టలేదు. నావైపు చూడనైనా లేదు. “ఉందా?” అన్నాడు. “టేగ్ ఉందా?”

“ఉంది. నువ్వు కట్టావు. తీగ రెండు చుట్లు చుట్టి కట్టావు.”

“రెండు సుట్లు.” పీట మీద కూర్చున్నాడు. “నానెప్పుడూ రెండు సుట్లే సుడతాను. ఒక సుట్టైతే ఊడిపోతాది.” మళ్ళీ అదే మాట అన్నాడు. తర్వాత నూనె గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. “కాయితం మీద రాసియ్యి,” అన్నాడు. అంతవరకూ మీరు అన్నవాడు నువ్వు అన్నాడు.

అతని కూతురి నోటుబుక్కులోంచి ఒక కాయితం చింపి ఇచ్చారు. పెన్ను పట్టుకోగానే చెయ్యి ఆఫీసు భాషలోకి వెళ్ళిపోయింది. ‘సదరు ఫిట్టరు కట్టిన ట్యాగ్‌ను స్విచ్ ఆన్ చేయుటకు ముందు తీయడం జరిగింది’ అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆ ఇంట్లో చదువుకున్నది అతని భార్య. బియ్యం చేట పక్కన పెట్టి, కాయితాన్ని వెలుతురులోకి పట్టుకుని చదివింది. రెండోసారి చదివింది.

“ఇందులో ఎవులు తీసేరో లేదు,” అంది.

“కింద సంతకం ఉందమ్మా.”

“సంతకం ఉంటే? పోస్టుమేనూ సంతకం ఎట్టించుకుంటాడు. తీసినోడు ఎవుడని రాయి.”

నిజంగా నేను మోసం చేయాలని అలా రాయలేదు. అంత దూరం వెళ్ళి మోసమెందుకు చేస్తాను? అయినా అలా వచ్చింది. రెండో కాయితం మీద, ‘అతను కట్టాడు. నేను విప్పాను. జేబులో పెట్టుకున్నాను. ముక్కలు చేసి పడేశాను. లేదని చెప్పాను’ అని రాశాను. ఆవిడ దాన్ని పైకి చదివింది. నిదానంగా, ఒక్కొక్క మాటా.

అతను ఇంజను వైపు చూస్తూ, “నాను సెప్పేను కదే,” అన్నాడు.

“సెప్పేవు.” ఆవిడ కాయితం మడతపెట్టింది. “నాను నమ్మనేదు.”

అతను తలెత్తి ఆవిడ వైపు చూశాడు. నాలుగేళ్ళలో ఆవిడ ఆ మాట అతనితో ఎప్పుడూ అని ఉండదు. ఆవిడ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది గానీ బియ్యం ఏరలేదు. వాళ్ళిద్దరి మధ్య నేను నిలబడి ఉన్నాను. కూర్చోమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. వెళ్ళిపోవాలని ఎంతగా ఉందో చెప్పలేను. చెప్పాల్సింది చెప్పేశాను కదా, ఇంకేం కావాలి వీళ్ళకి అని లోపల విసుక్కున్నాను. క్షమాపణ అడగడానికి వెళ్ళినవాడికి ఆ విసుగు ఎలా వచ్చిందో తెలియదు. వచ్చింది. దాచను.

కాసేపటికి అతను లేచి చొక్కా వేసుకున్నాడు. “పద,” అన్నాడు.

“ఎక్కడికి?”

“మా బామ్మర్ది ఇంటికి. నాలుగేళ్ళు. పెళ్ళిలో, పేరంటంలో, ఎక్కడ విస్తరి ముందు కూకున్నా, బావా, టేగ్ కట్టేవా మరి, అన్నం ఎట్టేమంటావా అంటాడు. అందరూ నవ్వుతారు. నానూ నవ్వుతాను. కాయితం ఆడు నమ్మడు. నువ్వొచ్చి సెప్పు.”

అతని స్కూటర్ వెనక కూర్చుని వెళ్ళాను. బామ్మర్ది భోంచేసి అరుగు మీద పడుకుని ఉన్నాడు. అతను నన్ను ముందుకు తోసి, “సెప్పు,” అన్నాడు. చెప్పాను. బామ్మర్ది లేచి కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“ఈయన్నెక్కడ పట్టుకొచ్చేవు బావా?”

“మా సూపర్‌వైజరు. సెప్తన్నాడు కదా, ఇను.”

“ఏటీ, మళ్ళీ సెప్పండి. గట్టిగా సెప్పండి, మా అమ్మకి సెవుడు.”

లోపల మంచం మీదున్న పెద్దావిడకి వినపడేలా, “ట్యాగ్ నేనే తీశానమ్మా,” అని అరిచాను. పక్కింటివాళ్ళు కూడా బయటికి వచ్చారు. ఆవిడ, “ఏటి తీసేడంటా?” అంది. మళ్ళీ అరిచాను. బామ్మర్ది నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

అక్కడినుంచి అతని అన్న ఇల్లు. తర్వాత బోటువాళ్ళు కూర్చునే టీ కొట్టు. తర్వాత ఇంకో ఇల్లు. ప్రతిచోటా అతను “సెప్పు” అనేవాడు, నేను చెప్పేవాణ్ణి. మూడో చోటికి నా గొంతు గరగరలాడింది. నాలుగో చోట ఒకడు నన్ను అమ్మనాబూతులు తిట్టాడు. ఆపమని అతను అనలేదు. తిట్టడం అయ్యాక, “ఇంకోమాటు సెప్పు, ఈళ్ళన్న ఇప్పుడే వచ్చేడు,” అన్నాడు.

ఆ కాయితం నకలు ఒకటి ఫ్యాక్టరీలో ఇచ్చాను. నన్ను షిఫ్టు పనినుంచి తప్పించి, మళ్ళీ ఎంక్వయిరీ వేశారు. ఏం తేలుస్తారో తెలియదు. ఇది రాసి సత్సంగం వాళ్ళకి ఇస్తున్నాను. వేస్తారో లేదో వాళ్ళిష్టం. పుస్తకం మళ్ళీ వేస్తే నా మూడు పేజీలూ మాత్రం తీసేయమని కోరుతున్నాను.

ఆ రోజు సాయంత్రం బస్టాండులో దించేటప్పుడు అతను స్కూటర్ ఇంజను ఆపలేదు, కాలు మాత్రం కింద పెట్టాడు. “వచ్చే ఆదివారం మా అక్కోళ్ళ ఊరెళ్ళాల. అక్కడింకా ఉన్నారు,” అన్నాడు. ఆదివారం నాకు కుదరదని అనబోయి మానుకున్నాను. ఇప్పటికి మూడు ఆదివారాలు వెళ్ళాను. ఇంకా రెండు ఊళ్ళు ఉన్నాయంటున్నాడు.